టానర్స్ రోలో ఐదో గేటు

సెవర్న్ నది పొంగినప్పుడు టానర్స్ రో వీధిలో ఎవరూ కేకలు పెట్టరు. మా హాప్‌స్టోలో కేకలు కుక్కల కోసం, ఫుట్‌బాల్ రెఫరీల కోసం దాచుకుంటాం. గ్లెనిస్ ప్రోసర్ పసుపు జాకెట్ తొడుక్కుని ఒక్కో తలుపూ తడుతుంది. ముందు కుక్క ఎలా ఉందని అడుగుతుంది. తర్వాత వాన గురించి రెండు మాటలు. వెనక్కి తిరిగి ఒక మెట్టు దిగాక, అప్పుడే గుర్తొచ్చినట్టు, "అన్నట్టు, ఏరు కాస్త పెరిగినట్టుంది. తీరిక దొరికితే పలకల సంగతి ఓసారి చూసుకుంటారేమో" అంటుంది. అవతలివాళ్లు "అవునవును, చూడాలి" అంటారు. ఆమె వీధి గేటు దాటేలోపే వెనక షెడ్డు తలుపు కిర్రుమంటుంది.

పలకలంటే వరద పలకలు. టానర్స్ రోలో ఒకదాన్నొకటి ఆనుకుని ఏడు ఇళ్లున్నాయి. వెనక తోటలు ఏటి ఒడ్డు దాకా సాగుతాయి. తోటల చివర అందరికీ కలిపి ఒక ఇటుక గోడ, ఆ గోడలో ఇంటికొక చిన్న గేటు. ఏరు పొంగేటప్పుడు ఆ గేటు సందుకి అటూ ఇటూ ఉన్న గాడుల్లోకి అల్యూమినియం పలకలు ఒకదానిమీద ఒకటి దించి, పైన మర బిగించాలి. ఎవరి సందు వాళ్లే మూసుకోవాలి. ఆరుగురు మూసి ఒకరు వదిలేస్తే ఏడు వంటిళ్లలోకీ నీళ్లొస్తాయి. తోటల మధ్య ఉన్న పొదల కంచెలు పిల్లుల్నే ఆపలేవు, ఇక నీళ్లనేం ఆపుతాయి?

గ్లెనిస్ రెండో ఇంట్లో పుట్టింది, అక్కడే కాపురం పెట్టింది. భర్త డెన్ ఊళ్లో సగం గోడలకి సున్నం పూత పూసినవాడు. ఆ దుమ్మంతా ఇప్పుడు అతని ఊపిరితిత్తుల్లో ఉంది. మెట్లెక్కితే మధ్యలో కూర్చుంటాడు, కూర్చుని జోకులేస్తాడు. గ్లెనిస్ పదవీ విరమణ దాకా ప్రాథమిక పాఠశాల భోజనశాలలో పనిచేసింది. అక్కడ ఆమె మాట వేరు. "కూర్చో. చెంచా కింద పెట్టు. బఠాణీలు తినాలి, తిన్నాకే పుడ్డింగ్." అల్లరి మూకలు కూడా ఆ గొంతు వినగానే బల్లకి అతుక్కుపోయేవి. ఆ పిల్లలే పెరిగి పెద్దవాళ్లై, దారికడ్డంగా కారు పెడితే మాత్రం ఆమె నోరు పెగలదు. "పెద్దవాళ్లకి ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్తామా? బాగోదు" అంటుంది.

ఏరు పొంగితే వీధిని హెచ్చరించే ఈ వరద వార్డెన్ పని కూడా ఆమెకి ఎవరూ అప్పగించలేదు. ఒక వరద తర్వాత వీధివాళ్లంతా చర్చి హాల్లో కూర్చున్నప్పుడు నాలుగో ఇంటి వాల్టర్ గాఫ్, "ఎవరో ఒకరు చూసుకుంటే బాగుండు" అన్నాడు. అందరూ తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఆ నిశ్శబ్దం భరించలేక గ్లెనిస్ "కావాలంటే నేను..." అంది. మిగతా వాక్యం అక్కర్లేకపోయింది. మరుసటి వారం పసుపు జాకెట్ ఇంటికొచ్చింది.

అయినా పని సాగింది. ఆమె మెట్టు దిగుతూ అనేది, వాళ్లు పలకలు దించేవారు. ఐదో ఇంటిని జూలియన్ స్వెయిన్ కొనేదాకా అంతా బాగానే ఉంది.

జూలియన్ మంచివాడు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దుర్మార్గుడైతే ఈ గొడవ ఇంతదూరం వచ్చేది కాదు. లండన్‌లో పియానోలు శ్రుతి చేసేవాడు, శని ఆదివారాలు ఇక్కడ గడిపేవాడు. వచ్చిన మొదటి రోజే కంచె మీదుగా వాల్టర్‌ని పలకరించాడు.

"ఇక్కడ నేను తప్పకుండా తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా అండీ?"

"పెద్దగా ఏం లేవు బాబూ. చెత్త డబ్బాలు గురువారం."

ఏటి ఒడ్డున ఎనభై ఏళ్లు బతికిన మనిషి చెప్పిన సమాచారం అంతే. కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజే బాధ్యతలు అంటగట్టడం మర్యాద కాదని వాల్టర్ ఉద్దేశం. గ్లెనిస్ కొంచెం నయం. స్కోన్లనే చిన్న తియ్య రొట్టెలు కాల్చి పట్టుకెళ్లి, "మీ షెడ్డులో పలకలున్నాయి, ఎప్పుడైనా అవసరం పడితే" అంది. జూలియన్ "ఓహ్, చాలా బాగుంది" అని స్కోన్లు తీసుకున్నాడు.

ఆ ఫిబ్రవరిలో వేల్స్ కొండల్లో వానలు కురిశాయి. అక్కడ కురిసిన నీళ్లు మా దాకా రావడానికి ఒక రోజు పడుతుంది, కాబట్టి మాకు సమయం ఉంటుంది. ఆదివారం పొద్దున్న గ్లెనిస్ ఐదో తలుపు తట్టింది. అతనికి కుక్క లేదు, అందుకని పియానో గురించి అడిగింది.

"అన్నట్టు, ఏరు కాస్త పెరిగినట్టుంది. తీరిక దొరికితే పలకలు..."

జూలియన్ ఆమెతోపాటు తోట చివరికి నడిచి నీళ్లు చూశాడు. నీళ్లు గోడకి చాలా కింద ఉన్నాయి. "నా స్థానంలో మీరుంటే వేస్తారా గ్లెనిస్?" అని అడిగాడు. అతను నిజంగానే అడిగాడు.

వేస్తాను అనాలి. వెయ్యాల్సిందే అనాలి. ఆమె నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "అది మీ ఇష్టం. మీ ఇల్లు కదా."

అతను తల ఊపి, సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం నీళ్లు ఐదో సందులోంచి లోపలికొచ్చి ఏడు తోటలూ పంచుకున్నాయి. ఆరు గేట్ల పలకలు పొడి నేలని ఏటి నుంచి కాపాడాల్సింది పోయి, లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోకుండా కాపలా కాశాయి. గ్లెనిస్ వంటింట్లో ఫ్రిజ్ తేలింది. ఇల్లు ఆరబెట్టే యంత్రాలు వేసవి దాకా హోరెత్తాయి. ఏప్రిల్‌లో గోడలకి నల్లటి బూజు పట్టింది. మే నెల డెన్ ఆసుపత్రిలో గడిపాడు.

ఇంటికి పంపుతూ అక్కడి డాక్టరు, "ఇంకాస్త పొడిగా ఉండే చోటు గురించి మీరు ఆలోచించుకుంటే మంచిదేమో" అన్నాడు.

కార్లో కూర్చున్నాక డెన్ అన్నాడు: "విన్నావుగా. ఇంకో తడి చలికాలం వస్తే నన్ను పాతిపెట్టడమే."

"ఆయన అలా అనలేదు."

"మరి ఎలా అంటాడు గ్లెన్? చదువుకున్నవాడు."

అప్పటినుంచి గ్లెనిస్‌కి ఒకటే లెక్క. ఇంకోసారి వంటింట్లోకి నీళ్లొస్తే పుట్టిన ఇల్లు వదిలి కొండమీది వృద్ధుల బంగళాల్లోకి పోవాలి. డెన్ అక్కడికి రానంటాడు. వస్తే ఏటి చప్పుడు లేక నిద్రపట్టదట. రాకపోతే ఏమవుతుందో కార్లోనే చెప్పాడు.

ఇంత జరిగాక ఎవరైనా జూలియన్‌ని నిలదీశారనుకుంటారు. లేదు. అతను పెద్ద నిమ్మకాయ కేకు పట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "నా వల్ల ఏమైనా పొరపాటు..." అని మొదలుపెట్టేవాడు. "అయ్యో, అదేం లేదండీ" అని ప్రతి గడపలోనూ ఆపేశారు. "ఏరు కదా, ఎవరి చేతుల్లో ఉంది" అంది మూడో ఇంటావిడ. వాల్టర్ అయితే "గోడ పాతబడిపోయింది బాబూ" అని గోడ మీద నేరం మోపాడు. అతను వెళ్లిపోయాక మాత్రం అందరూ పొదల కంచెల మీదుగా ఒకరితో ఒకరు ఐదో గేటు గురించే మాట్లాడుకున్నారు, కేకు తింటూ.

గ్లెనిస్ కూడా "పర్లేదు" అనే అంది. 

ఆగస్టులో ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. పలకలు వెయ్యమని చెప్పడం చేతకాదు సరే, షెడ్డు తాళంచెవి అడుగుదాం, అతను లేనప్పుడు మనమే వేసుకుందాం. సంచీనిండా చిక్కుడుకాయలు కోసుకుని ఐదో ఇంటి తోటలోకి వెళ్లింది. ఇంట్లో డెన్ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చిక్కుడుకాయల గురించి, నత్తల గురించి, ఎండల గురించి మాటలయ్యాయి.

"మీ షెడ్డు బాగా బిగించారు" అంది గ్లెనిస్.

"అవును, కొత్త తాళం."

"మంచి పని చేశారు. మీరు వారమంతా ఉండరు కదా. ఏరు గనక... అలాంటప్పుడు..."

జూలియన్ ఆమె మొహంలోకి చూశాడు. "మీకు తాళంచెవి ఇవ్వమంటారా?"

"అయ్యో, వద్దు వద్దు. మీకెందుకు శ్రమ."

ఇంట్లోకి రాగానే సంచీ బల్ల మీద విసిరేసింది. "అతనే అడిగాడు డెన్! నోరు తెరిచి అతనే అడిగాడు!"

"చూశాను. నువ్వు చేతులు ఊపింది కూడా చూశాను. కందిరీగనేమో తోలుతున్నావనుకున్నా."

"నవ్వకు."

"నవ్వితే దగ్గొస్తుంది. అయినా నవ్వుతాను."

ఆ శరదృతువంతా ఆమె చిరాకుగానే ఉంది. దుకాణంలో వరుస తప్పినవాడి వీపుకేసి చూస్తూ నిలబడేది. బస్సులో సీటు మీద సంచీ పెట్టుకున్న కుర్రదానికేసి చూస్తూ నిలబడేది. ఎక్కడా ఒక్క మాట అనేది కాదు. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమేది.

డిసెంబరులో, ఒక మంగళవారం పొద్దున్న, ఫోన్లో హెచ్చరిక వచ్చింది. వేల్స్‌లో రెండు రోజులుగా ఆగని వాన. వంతెన స్తంభం మీది కొలత గీతలు అప్పటికే సగం మునిగాయి. గ్లెనిస్ జాకెట్ తొడుక్కుని బయల్దేరింది. కుక్కలు, వాన, అన్నట్టు, పలకలు. భోజనాల వేళకి ఆరు గేట్లు మూసుకున్నాయి. ఐదో గేటు సందు మాత్రం పన్ను ఊడిన నోరులా తెరుచుకుని ఉంది. ఐదో ఇల్లు తాళం వేసి ఉంది.

ఫోన్ చేసింది. జూలియన్ ఎక్కడో ఒక సంగీత హాలులో ఉన్నాడు, వెనక ఎవరో ఒకే స్వరం మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు.

"ఏరు బాగా పెరిగింది" అంది.

"ఓహ్. నేను రావాలంటారా?"

"మీ పని ఎలా ఉందో మరి... అది మీ వీలు."

"సరే. కాస్త ఆలోచించి చూస్తాను. చెప్పినందుకు చాలా థాంక్స్."

ఫోన్ పెట్టేసరికి డెన్ మెట్ల మీద మధ్యలో కూర్చుని ఉన్నాడు, చేతిలో మందు పీల్చే గొట్టం.

"ఏమన్నాడు?"

"ఆలోచిస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆలోచించమన్నాను."

"బాగుంది. ఏరు కూడా కాస్త ఆలోచిస్తుందేమో కనుక్కో."

ఆమె వెనక తలుపు తెరిచి నాలుగో ఇంటికి నడిచింది. వాల్టర్ తన గేటు దగ్గర మరలు రెండోసారి బిగిస్తున్నాడు. ఐదో ఇంటి షెడ్డు అతని కంచెకి చెయ్యి చాచితే తగిలేంత దగ్గర.

"వాల్టర్, ఆ తాళం పగలగొడదామనుకుంటున్నాను."

వాల్టర్ రెంచి కింద పెట్టాడు. "పరాయివాళ్ల షెడ్డు పిల్లా. బాగోదు. అతన్ని ఓ మాట అడగాల్సింది."

"ఇప్పుడే ఫోన్ చేశాను."

"తాళం పగలగొట్టుకోమన్నాడా?"

"నేను అడగలేదు."

"రమ్మన్నావా మరి?"

"అదీ అనలేదు."

ఇద్దరూ ఐదో సందుకేసి చూశారు. గోధుమరంగు నీళ్లు ఒడ్డు బాట మీదికొచ్చాయి, గోడ అడుగు ఇటుకల్ని తాకుతున్నాయి. ఒక నీటికోడి ఆ సందులోంచి లోపలికి నడిచొచ్చి జూలియన్ గడ్డిలో నిలబడింది.

"గోడ పాతబడిపోయింది" అన్నాడు వాల్టర్.

గ్లెనిస్‌కి ఒళ్లు మండింది. మే నెల ఆసుపత్రి, తేలిన ఫ్రిజ్, నిమ్మకాయ కేకు, చిక్కుడుకాయలు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. జేబులోంచి ఫోన్ తీసింది. ఈసారి వచ్చిన గొంతు భోజనశాలది. వాల్టర్ మనవలు కూడా ఆ బల్లల దగ్గరే తిన్నారు. అయినా అతను ఆ గొంతుని ఇంత దగ్గరగా ఎన్నడూ వినలేదు.

"జూలియన్, నేను గ్లెనిస్‌ని. మాట్లాడకు, విను. ఏరు గోడదాకా వచ్చింది. నీ గేటు మూయాలి. నువ్వే మూయాలి, అది నీ పని. పోయినసారి నువ్వు మూయలేదు, అందుకే ఏడు ఇళ్లు మునిగాయి. గోడ వల్ల కాదు, నీ వల్ల. నువ్వు ఇప్పుడు ఇక్కడ లేవు కాబట్టి నీ తాళం నేను పగలగొడుతున్నాను. అర్థమైందా?"

అవతల ఆ ఒక్క స్వరం నొక్కడం కూడా ఆగిపోయింది.

"తాళంచెవి నీలం కుండీ కింద ఉంది" అన్నాడు జూలియన్.

"ఏంటి?"

"షెడ్డు పక్కన, నీలం పూలకుండీ. ఆగస్టు నుంచి అక్కడే ఉంది. ఎవరైనా అడిగితే చెబుదామని పెట్టాను. ఫిబ్రవరిలో వెయ్యాలా అని నేను అడిగాను గ్లెనిస్. మీ ఇష్టం అన్నారు. వెయ్యాలి అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు."

"అడిగావు" అంది గ్లెనిస్. ఫోన్ పెట్టేసింది. నీలం కుండీ వాల్టర్ కంచె సందులోంచి కనబడుతూనే ఉంది.

కంచె దాటుతూ వాల్టర్ ఎండిపోయిన డేలియా మొక్కకి "సారీ" చెప్పాడు. గడ్డి మీద అడుగుపెట్టి ఖాళీ ఇంటి కిటికీలకేసి చూస్తూ ఇంకోసారి "సారీ" అన్నాడు.

"ఎవరికి చెప్తున్నావు వాల్టర్? పట్టుకో!"

పలకలు పాత తివాచీ కింద, గడ్డి కోసే యంత్రం వెనక ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇద్దరు పట్టుకుంటే గానీ కదలలేదు. గాడుల్లో ఫిబ్రవరి నాటి బురద గట్టిపడి ఉంది, గ్లెనిస్ తోట పారతో గీకి తీసింది. రెండో పలక దించేసరికి నీళ్లు మొదటిదాని అంచు తాకాయి. మర తుప్పుపట్టింది. వాల్టర్ బిగించలేక రొప్పుతుంటే ఆమె రెంచి లాక్కుని, దాని మీద నిలబడినంత పనిచేసింది. చీకటి పడేవేళకి ఏరు గోడ సగం దాకా వచ్చింది. ఐదో సందు అడుగున ఒక సన్నటి ధార కారింది, అంతే.

ఇంటికొచ్చి గ్లెనిస్ బూట్లు విప్పి, ఒట్టి కాళ్లతో వంటింట్లో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. గచ్చు పొడిగా ఉంది. డెన్ మెట్లు దిగొచ్చి టీ పెట్టాడు.

"నీ గొంతు ఇక్కడిదాకా వినబడింది" అన్నాడు. "నేను కూడా బఠాణీలు తినేశాను."

కథ ఇక్కడితో ఆగితే మా ఊరికి కాస్త గౌరవంగా ఉండేది. శనివారం జూలియన్ వచ్చి రెండో తాళంచెవి గ్లెనిస్ చేతిలో పెట్టాడు. "ఇకముందు కూడా అలాగే చెప్పండి. తిట్టినా ఫర్వాలేదు" అన్నాడు. అతనికి కోపం లేదు. వీధికి మాత్రం ఏదోలా అయింది. చర్చి హాలు సమావేశంలో మూడో ఇంటావిడ, "ఎవర్నీ అనడం లేదు గానీ, చెప్పే తీరు కాస్త మెత్తగా ఉంటే..." అంది. అందరూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. తమ వంటిళ్లు పొడిగా ఉన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

గ్లెనిస్ పట్టించుకోదలచుకోలేదు. ఇన్నేళ్లూ మెట్లు దిగుతూ "అన్నట్టు" అన్నందుకే ఇంత జరిగిందని, ఇకమీదట ఎవరికైనా ముక్కుసూటిగానే చెప్తానని డెన్‌తో అంది. "వాల్టర్‌కి కూడానా?" అన్నాడు డెన్. "వాల్టర్‌కి కూడా."

ఫిబ్రవరిలో ఏరు మళ్లీ లేచింది. శనివారం. గ్లెనిస్ నాలుగో తలుపు తట్టింది. కుక్క సంగతి అడగలేదు, వాన సంగతి ఎత్తలేదు.

"వాల్టర్, పలకలు వెయ్యాలి. ఇప్పుడే."

వాల్టర్ చేతిలో అప్పటికే రెంచి ఉంది, కాళ్లకి రబ్బరు బూట్లు ఉన్నాయి. షెడ్డుకే బయల్దేరుతున్న మనిషి అతను. ఆమె మాట విని బూట్లతోనే లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంటది?" అంది గ్లెనిస్.

"వేద్దామనే లేచాను. నువ్వు పుట్టకముందు నుంచీ వేస్తున్నాను. ఇలా చెప్పించుకుని వేసే రోజు వస్తుందనుకోలేదు."

"ఏరు వస్తోంది వాల్టర్!"

"చూశాను. నాకూ కళ్లున్నాయి."

"మరి లే."

"లేస్తాను. నాకు లేవాలనిపించినప్పుడు."

ఆమె గుమ్మంలో నిలబడింది. వాల్టర్ గడియారం టిక్కుటిక్కుమంటోంది. అతను పేపరు తీసి, తలకిందులుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. భోజనశాల గొంతు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వాల్టర్ బల్ల దగ్గర కూర్చున్న పిల్లాడు కాడు. గట్టిగా అంటే రేపటిదాకా కూర్చుంటాడు. రెండిళ్ల అవతల డెన్ మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

గ్లెనిస్ ఆ గొంతుని మింగేసింది. వెనక్కి తిరిగి, ఒక మెట్టు దిగి, ఆగింది.

"అన్నట్టు వాల్టర్, ఏరు కాస్త పెరిగినట్టుంది. తీరిక దొరికితే పలకల సంగతి చూసుకుంటావేమో. నీ ఇష్టం."

"అవునవును" అన్నాడు వాల్టర్, పేపరు మడుస్తూ. "చూడాలి."

ఆమె వీధి గేటు చేరేలోపే వెనక షెడ్డు తలుపు కిర్రుమంది. పళ్లు బిగించి ఐదో ఇంటికి నడిచింది. తలుపు తట్టే పని లేకపోయింది. జూలియన్ వానలో, గేటు పక్కన, మొదటి పలక రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వెయ్యనా?"

"వెయ్యి" అంది గ్లెనిస్. ఆరో ఇంట్లో కుక్క ఉంది. ఆ కుక్క పేరేమిటో గుర్తు తెచ్చుకుంటూ అటు నడిచింది.